పుదుక్కోట అమ్మన్ కాసు : చిన్న నాణెములను భద్రపరచు విధము

జాతిచరిత్రకు శిలాశాసనములును, తామ్రశాసనములును ఎంతటి ప్రమాణములో నాణెములును అంతటి ప్రమాణములే. అయితే శాసనము నాటిన చోటనే నిలిచియుండును. నాణెమో, చేతినుండి చేతికి మారుచు, సంచినుండి సంచికి చేరుచు, తుదకు ఏ పూజామందిరములోని గిన్నెలోనో, ఏ భోషాణపు టడుగుననో విశ్రమించును. పెద్ద నాణెమును ఎవరైనను గుర్తింతురు, జాగ్రత్త చేయుదురు. చిటికెనవ్రేలి గోటియంత నాణెమును గుర్తించువా రరుదు. అందువలన చిన్న నాణెములే మొదట నశించుచున్నవి. తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా నివసించుచున్న మనవంటి వారికి ఈ నష్టము సామాన్యమైనది కాదు. ఏలయన, ఆ చిన్న నాణెములలో కొన్నింటిపై తెలుగక్షరము లున్నవి.

ఇందులకు పుదుక్కోట అమ్మన్ కాసు ఉత్తమమైన నిదర్శనము. తమిళదేశపు నడుమనున్న పుదుక్కోట సంస్థానమును తొండమాను ప్రభువులు పాలించిరి. వారి యాస్థానమున తెలుగు కవిత్వమునకు పెద్దపీట లభించెను. ఆంధ్రభాషార్ణవ మను పద్యనిఘంటువును రచించిన నుదురుపాటి వెంకనకవి ఆ యాస్థానము నాశ్రయించినవాడే. ఆ సంస్థానమున చెలామణియైన రాగికాసునకు ఒకవైపున తొండమానుల యిలవేల్పగు బృహదంబ కూర్చున్న రూపమును, రెండవవైపున తెలుగు లిపిలో ‘విజయ’ అను మాటయు కలవు. ఈ మాట విజయరఘునాథ నామధారులైన ప్రభువులకు గుర్తని కొందరును, యుద్ధమున గడించిన జయమునకు గుర్తని కొందరును చెప్పుదురు. ఇరువది కాసు లొక అణా. మూడువందల యిరువది కాసు లొక రూపాయి. నవరాత్రి దినములలో రాజధానియందు బియ్యముతో పాటు ఈ కాసును జనులకు పంచిపెట్టుట సంస్థానపు ఆచారము. తొలినాటివి చేతితో ముద్రవేసినవి. 19వ శతాబ్ది చివరి భాగమునుండి యంత్రముద్రితములు వచ్చినవి. 1948 మార్చి 3వ తేదీన సంస్థానము మదరాసు రాష్ట్రమున విలీనమైనది. కాసు ద్రవ్యముగా మరణించి జ్ఞాపకముగా మిగిలినది. దాని వ్యాసము ఒక సెంటీమీటరునకు కొంచెము అటునిటు. తూకము గ్రామునకు కొంచెము హెచ్చు. ఇంత చిన్నదానిపై తమిళదేశపు నడిబొడ్డున మన లిపి నిలిచియున్నది.

ఇటువంటి చిన్న నాణెములు మనవారున్న ప్రతి సీమలోను కలవు. కర్ణాటకమున 1638 నుండి 1659 వరకు మైసూరు నేలిన కంఠీరవ నరసరాజ ఒడెయరు ముద్రింపించిన బంగారు పణములు గ్రాములో మూడవవంతు మాత్రమే తూగును. వానిపై నరసింహుని రూప ముండును. ఉత్కళాంధ్ర సీమలలో తూర్పు గాంగుల పణములు దొరకును. నంది, అంకుశము, రాజ్యసంవత్సరపు అంకెలు వాని గుర్తులు. అవియును అర గ్రామునకు లోపే. 1807 తరువాత కంపెనీవారు మదరాసున ముద్రించిన వెండి పణములపై తెలుగు, తమిళ లిపులు రెండును కలవు. యానాములోని వృద్ధకుటుంబములలో ఫ్రెంచివారి ఫనములు, రాగి దుడ్లు అచ్చటచ్చట కనబడుట సహజము. 1954 వరకు అది ఫ్రెంచి పాలనలోనిదే గదా.

పూర్వులు ఈ చిన్న ద్రవ్యము నెట్లు దాచిరి? 1443లో విజయనగరమును చూచిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు, అచటి నాణెము లన్నింటిలో పణమే మిక్కిలి యుపయోగకరమైనదని వ్రాసెను. అంత చిన్న బంగారు బిళ్ళలతో దినదిన వ్యవహారము జరుపవలెనన్న జాగ్రత్త తప్పదు. బాటసారి నడుమునకు జాలె కట్టుకొనెను. ఇల్లాలు కొంగున ముడివేసెను. మ్రొక్కుబడి రూక పసుపుగుడ్డలో ముడుపుగా మారెను. కరవునకు, కలతకు వెరచినవాడు కుండలో పోసి నేలలో పాతెను. తిరువాన్కూరు బొక్కసమున చక్రములను లెక్కించుటకు చిన్న గుంటలు తొలిచిన కొయ్యపలకలు వాడిరి. గుప్పెడు చక్రములు పలకపై పోసి కదలించినచో గుంట కొకటి చొప్పున నిలుచును. మిగిలినవి క్రిందికి జారును. ఆంగ్ల రూపాయి కిరువదెనిమిదిన్నర చక్రములైనచోట ఒక్కొక్కటి చేత నెత్తి లెక్కపెట్టుట సాధ్యమా? ఆ పలక కేవలము లెక్కసాధనము. అయినను చిన్ననాణెమున కొక నీతిని అది తెలియకయే చెప్పినది: ప్రతిదానికిని తనదైన గుంట కావలెను.

తక్కిన పద్ధతులన్నియు దొంగనుండియు, జారిపోవుటనుండియు కాపాడినవేగాని, క్షయమునుండి కాపాడినవి కావు. కాపాడవలసిన యవసరమును నాడు లేదు. వెలకై దాచిన వస్తువునకు వెల నిలిచిన చాలును. దానిపై వ్రాత చెరిగినను నష్టము లేదు. మనము దాచునది వెలకై కాదు, వ్రాతకై. ఈ భేదము నెరుగకయే మనము పూర్వుల యలవాటులతో నాణెములను కాపాడ జూచుచున్నాము. అదియే చేటునకు మూలము.

ఈ మాట అనుభవముమీద చెప్పుచున్నాను. మా యింట మా తాతగారు కూర్చిన అమ్మన్ కాసులు కొన్ని యుండెడివి. ఆయన వానిని చిన్న కాగితపు పొట్లములలో విడివిడిగా నుంచి, ఏ కాసు ఏ బంధువుల యింటినుండి, ఏ సందర్భమున వచ్చినదో పొట్లముపై సిరాతో వ్రాసియుంచిరి. వారి తరువాత ఇంటివారు పండుగనాడు పూజాపాత్రలతో పాటు వానిని చింతపండుతో తోమిరి. కాసులు తళతళలాడినవి, అమ్మవారి ముఖరేఖలు మాసినవి. పిమ్మట నేనే, ఆదరముతోనే, మెత్తని ప్లాస్టిక్ అరలు గల యొక పుస్తకమును కొని కాసులను అందమర్చితిని. పాతపొట్లములు చిరిగినవని పారవైచితిని. కొన్ని యేండ్లకు తెరచి చూడగా ప్రతి కాసుపైనను పచ్చని జిగురు పట్టియుండెను. ‘విజయ’లోని ‘వి’ మాత్రమే కొన్నింట మిగిలినది. జిగురును పోగొట్టుటకు నిపుణు లున్నారు. తాతగారి వ్రాతను తెచ్చియిచ్చువా రెవరు? దొంగ చేయని నష్టమును మా ప్రేమయే చేసినది.

కావున ఈ చేటు ఎట్లు కలుగునో తెలిసికొనుట మేలు. రాగినాణెముపై కాలక్రమమున ఏర్పడిన గోధుమవన్నె లేక ముదురుపచ్చని గట్టిపొర మురికి కాదు. అది లోహమునకు కవచము. చింతపండు, నిమ్మపులుసులలోని ఆమ్లము ఆ కవచమును కరగించి క్రొత్త లోహమును బయలుపరచును. తోమిన కొలదిని అక్షరపు టంచు లరుగును. పెద్ద నాణెముపై వెంట్రుకవాసి యరిగినను గుర్తు మిగులును. సెంటీమీటరు కాసుపై ఆ మాత్రపు అరుగుదలయే ఒక యక్షరమును మ్రింగును. వ్రేళ్ళ చెమటలోని ఉప్పు, సముద్రపుగాలిలోని ఉప్పు రాగిలోనికి చేరినచో తేమ తగిలినపుడెల్ల లేతపచ్చని పొడి రాలుచుండును. ఇది ఒకచోట పుట్టి నాణెమునంతను తినివేయును. గట్టిపొర మేలు చేయునది, రాలు పొడి కీడు చేయునది. ఈ రెంటిని వేరుగా గుర్తింపవలెను.

మెత్తగా వంగుచు, ఘాటైన వాసన గల ప్లాస్టిక్ సంచులు చాలవరకు పీ.వీ.సీ. అను పదార్థముతో చేసినవి. దానిని మెత్తపరచుటకు కలిపిన నూనెవంటి ద్రవ్యములు క్రమముగా వెలికివచ్చును. ఆ పదార్థము విచ్ఛిన్నమగునపుడు ఆమ్లమును పుట్టును. మా కాసులకు పట్టిన పచ్చజిగురు అదియే. వెండికి గంధకము శత్రువు. రబ్బరుపట్టీలు, ఉన్నిగుడ్డలు, వార్తాపత్రికల కాగితము దానిని నల్లబరచును. సీసమునకు కొయ్య శత్రువు; కొన్ని కొయ్యలనుండి వెలువడు ఆమ్లపు టావిరి వలన సీసము తెల్లని పొడియగును. శాతవాహనుల సీసపు నాణెములు గలవారు దీనిని మరువరాదు. మేలిమి బంగారమునకు త్రుప్పు లేదు. పుదుక్కోట సీమలోనే కరుక్కాకురిచ్చియొద్ద 1898లో బయల్పడిన 501 రోమక సువర్ణనాణెములు పందొమ్మిది శతాబ్దములకు పైగా వెనుకటివైనను గుర్తింపదగియే యున్నవి. కాని మన పణము పలుచని రేకు వంటిది. త్రుప్పు పట్టకపోయినను వంగును, తొణుకును, చీపురుతో పోవును.

ఇక భద్రపరచు విధము. మొదటి నియమము, నాణెమును కడుగరాదు, తోమరాదు. మన్ను పట్టియున్నను, జిగురు పట్టియున్నను పురావస్తు సంరక్షణ తెలిసినవారికి చూపవలెను. రెండవ నియమము, వ్రేళ్ళతో ముఖమును తాకరాదు. చిన్న నాణెమును అంచున పట్టుట కష్టము. కావున బల్లపై మెత్తని నూలుగుడ్డ పరచి, దానిపైననే, ప్లాస్టిక్ మొనల పట్టుకారుతో మెల్లగా నెత్తవలెను. జారినను గుడ్డపైననే పడును.

మూడవ నియమము, ఒక్కొక్క నాణెమునకు ఒక్కొక్క గూడు. ఒకే డబ్బీలో పది కాసు లుంచినచో కదలినపుడెల్ల ఒకదాని నొకటి గీయును. ఒకదాని పొడి వేరొకదానికి సోకును. గూడునకు పాలియెస్టరు, పాలీప్రొపిలీను, పాలీయెథిలీను అను ప్లాస్టిక్కులు తగినవి, కొనునపుడు పీ.వీ.సీ. లేదని యడిగి తెలిసికొనవలెను. విపణిలో దొరకు చతురస్రపు అట్టచట్రముల రంధ్రములు తరచుగా రూపాయి, అర్ధరూపాయిలకు తగినవి. వానిలో అమ్మన్ కాసు నుంచినచో పెద్దగదిలో గోళీవలె దొరలుచుండును. చట్రమును బిగించు ఇనుపముల్లు సముద్రతీరమున త్రుప్పుపట్టి నాణెమునకును అంటును. గట్టి ప్లాస్టిక్ గుండ్రని డబ్బీలలో కొలతకు సరిపడునవి దొరకినచో అవి మేలు. నాణెమును కదలనీయని లోపలివలయము పాలీయెథిలీను నురుగుతో చేసినదై యుండవలెను. అవి దొరకనిచో ఆమ్లము లేని కాగితపు చిన్న పొట్లమే చాలును. మా తాతగారి పద్ధతియే, కాగితము మాత్రము మార్చుకొని, నేటికిని ఆచరణీయము.

నాలుగవ నియమము, తేమను దూరముగా నుంచవలెను. యానాము, చెన్నపట్టణము, గంజాము తీరము, బొంబాయి వంటి చోట్ల ఇది ముఖ్యము. గూళ్ళనన్నింటిని బిగుతైన మూత గల పాలీప్రొపిలీను పెట్టెలో నమర్చి, తేమను పీల్చు సిలికాజెల్ పొట్లము నందుంచవలెను. రాగినాణెములకు పెట్టెలోని సాపేక్షతేమ 40 శాతమునకు మించకుండుట మంచిది. గుళికల రంగు మారినపుడు పొట్లమును మార్చవలెను. లేతపచ్చని పొడి రాలు నాణెమును వెంటనే తక్కినవానినుండి వేరుపరుపవలెను. కర్పూరము, కలరాయుండలు, పసుపుగుడ్డ పెట్టెలో నుంచరాదు. కాసులపేరు చేయించుటకై చెవులు అతికించుటయు, తొలుచుటయు మానవలెను.

అన్నింటికంటె ముఖ్యమైన యయిదవ నియమము వ్రాత. నాణెము తూకము, వ్యాసము, రెండు ముఖముల ఛాయాచిత్రము, ఎవరి వలన, ఏ యూరినుండి, ఎప్పుడు వచ్చినదో తెలుపు వాక్యము ఒక చీటిపై వ్రాసి గూటితో పాటు నుంచవలెను. చీటి లోహమునకు తగులరాదు. అట్టి పట్టిక ప్రతి నొకదానిని వేరుచోట దాచవలెను. అమ్మన్ కాసులు నేటికిని అంగడిలో దొరకవచ్చును. నవరాత్రినాడు ఒక తెలుగు కుటుంబపు ముత్తవ్వ చేతిలో పడిన కాసు ఇదియని చెప్పు చీటి అంగడిలో దొరకదు. చీటి పోయిన కాసు రాగిముక్క. చీటి గల కాసు కుటుంబశాసనము.

ధర్మశాస్త్రము వంటిదే దేశశాసనమును. నేలలో పాతిపెట్టిన ధనము పది రూపాయల విలువకు మించి దొరకినచో జిల్లా కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము విధించినది. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. ఇతరదేశముల కరుగు బంధువులు తమంతట దానిని వెంట గొనిపోరాదు. ఇంట భద్రపరచు శక్తి లేనివారు చీటితో సహా ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు సమర్పించుట పుణ్యకార్యము. మదరాసు వస్తుప్రదర్శనశాల 1851 నుండియు, పుదుక్కోటలోనిది 1910 నుండియు కలవు.

మన పూర్వులు భాషను ఇంటను, లిపిని నాణెముపైనను నిలిపి పోయిరి. భాషను కాపాడుటకు సభలు, సమాజములు కావలెను. నాణెమును కాపాడుటకు ఒక పొడి పెట్టెయు, ఒక చిన్న గూడును, నాలుగు పంక్తుల చీటియు చాలును. ఈ సంచికను చదువువారు ఇంటికిపోయి పూజామందిరములోని గిన్నెను ఒకసారి పరికింతురు గాక. అందు గోటియంత కాసు కనబడినచో చింతపండునకై పోవలదు. కాగితమును కలమును తెచ్చికొని, ఇంటి పెద్దలు బ్రతికియుండగనే దాని కథ నడిగి వ్రాసికొనవలెను.