పసిబిడ్డల యెఱ్ఱమచ్చ

బిడ్డ పుట్టిన రెండు మూడు వారములకు చెక్కిలిమీదనో కనుఱెప్పమీదనో చిన్న యెఱ్ఱచుక్క పొడసూపి, నెలలు గడచుకొలది ఉబ్బి, పండిన పండువలె నగుట చదువరులలో కొందఱు చూచియే యుందురు. వెంటనే ఇంటిలోని పెద్దలు తల్లిని నిలదీయుదురు: గ్రహణమునాడు బయటికి వచ్చితివా? ఏమి తినగోరితివి? ఈ నింద మన దేశమునకే చెల్లినది కాదు. ఐరోపా వైద్యులును లాటిను భాషలో దీనికి తల్లిమచ్చ యను నర్థము గల పేరే పెట్టిరి. ఫ్రెంచి భాషలో పుట్టుమచ్చకును కోరికకును నేటికిని ఒకే మాట.

నిజమునకిది సన్నని రక్తనాళములు మితిమీరి పెరిగిన గడ్డ. ఇందు తల్లి దోషమేమియు లేదు.

1853 లో లియాన్ నగర వైద్యుడగు ప్రవాజ్, ధమనుల ఉబ్బులలో రక్తమును గడ్డకట్టించుటకై ఇనుము కలిసిన ద్రవమును బోలుసూదితో ఎక్కించు పిచికారిని చేయించెను. కొలదికాలములోనే ఆ ద్రవమును పసిబిడ్డల మచ్చలలోనికిని ఎక్కించిరి. గడ్డకట్టిన రక్తము కదలి లోనికి పోగా కొందఱు పసివారు అక్కడికక్కడనే మరణించిరి. అయినను సూది ఆగలేదు. 1903 లో న్యూయార్కు శస్త్రవైద్యుడు వైయెత్ మరుగునీటిని ఎక్కించెను. పిమ్మట కాడ్ చేప నూనెనుండి తీసిన లవణము వచ్చెను. ప్రతిదానివలనను మచ్చ తగ్గినదనియే వ్రాసిరి.

1938 లో లిస్టర్ అను ఆంగ్లవైద్యుడు (క్రిమిసంహారమునకు పేరొందిన లిస్టర్ వేఱు) చేసిన పని మాకు మిక్కిలి గొప్పగా తోచును. ఆయన మందేమియు వేయలేదు. 77 మంది పిల్లల 93 మచ్చలను ఏండ్లకొలది చూచి వ్రాసికొనెను. మొదటి నెలలలో వేగముగా పెరిగినవి చికిత్స లేకయే వాడి, ఇంచుమించు అయిదవ యేటికి మాసిపోయెను. అంతవరకు సూదికి దక్కిన కీర్తిలో చాలభాగము కాలమునకు చెందవలసినది!

అట్లని అన్నిచోట్లను ఊరకుండరాదు. కనుఱెప్పను మూసిన మచ్చ చూపును చెఱచును. గొంతులోనిది ఊపిరికి అడ్డుపడును. 2008 లో ఫ్రాన్సునందలి బోర్డో వైద్యులు, ముక్కుపై మచ్చ గల యొక బిడ్డకు గుండెజబ్బు రాగా ప్రొప్రనొలాల్ ఇచ్చిరి. మఱునాడే మచ్చ రంగు మారి మెత్తబడెను. అవసరమైన చోట నేడు ముందుగా వాడునది నోట పోయు ఆ మందే.

సూదికి తగిన తావు వేఱొకటి కలదు. పుట్టుకతోనే వికృతముగా ఏర్పడిన సిరలముద్దలు బిడ్డతోపాటు పెరుగునే గాని తరుగవు. వానికి నేడును సూదిమందు వాడుదురు. ఈ రెండు జాతులను 1982 లో బోస్టనులో మల్లికెన్, గ్లోవాకీ అనువారు కణముల తీరునుబట్టి విడదీసిరి. అంతకుముందు రెంటికిని ఒకే పేరుండుటచేత, ఒకదానికి పనికివచ్చిన సూది రెండవదానిని గూడ పొడిచినది.

మా బడిలో చదువు నొక బాలిక చెక్కిలిపై ఇప్పుడు ఎఱ్ఱమచ్చ లేదు. దానిని మాన్పబోయిన సూది మిగిల్చిన గుంట కలదు. చుట్టములు ఆమె తల్లిని అడుగునది నేటికిని గ్రహణము మాటయే.