తువాలు: పోటెత్తే కడలి, ఇరుకు నేల

తువాలు దక్షిణ పసిఫిక్‌లోని ద్వీప దేశం. దీవులు తొమ్మిది, నేలంతా కలిపినా 26 చదరపు కిలోమీటర్లే. దాదాపు 11 వేల జనాభాలో సగానికి పైగా రాజధాని ఫునఫుటిలో ఉంటారు. దేశం మొత్తంలో ఎత్తైన చోటు కూడా సముద్ర మట్టానికి ఐదు మీటర్లు మించదు.

కుంగిపోతున్న అగ్నిపర్వతాల చుట్టూ పగడాలు పెరిగి ఇలాంటి దీవులు ఏర్పడతాయని 1842లో చార్లెస్ డార్విన్ రాశాడు. ఆ మాట తేల్చుకోవడానికి లండన్ రాయల్ సొసైటీ 1896-98 మధ్య ఫునఫుటిలో బోర్లు వేయించింది. నీళ్ల కోసం కాదు, సిద్ధాంతం కోసం! సుమారు 340 మీటర్లు దిగినా అగ్నిశిల తగల్లేదు, అంతా పగడపు సున్నపురాయే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం రన్‌వే కోసం ఈ కాస్త నేలనూ తవ్వింది. ఆ గోతుల్లో ఉప్పునీరూ చెత్తా దశాబ్దాల పాటు నిలిచాయి. 2015లో గానీ పూడ్చలేదు. 1947లోనే వైటుపు దీవివాసులు కొందరు ఫిజీలోని కియోవాకు తరలిపోయారు. అంటే వలస ఇక్కడ వాతావరణ మార్పుతో మొదలైంది కాదు.

బ్రిటిష్ పాలన 1978లో ముగిసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కడలి ధోరణి మారింది. నాసా లెక్కన ముప్పై ఏళ్లలో ఇక్కడి సముద్ర మట్టం దాదాపు 15 సెంటీమీటర్లు పెరిగింది. పెద్ద పోటు వేళ నీరు ఒడ్డు దాటి రావడమే కాదు, గుల్ల నేలలోంచి ఇళ్ల మధ్యకు ఉబికి వస్తుంది. చేమదుంపల కుటుంబానికి చెందిన పులకను ఇక్కడ గోతులు తవ్వి, నేల అడుగున నిలిచే మంచినీటి పొర ఆసరాతో పండిస్తారు. ఆ గోతుల్లోకి ఉప్పు చేరితే పంట పోయినట్టే. తాగడానికి ఇంటి కప్పు మీద పడ్డ వాననీరే దిక్కు. 2011లో వానలు మొహం చాటేస్తే ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. 1971 నుంచి 2014 వరకు తీసిన చిత్రాలను పోల్చిన ఆక్లండ్ పరిశోధకులు, దేశ వైశాల్యం 2.9 శాతం పెరిగిందని 2018లో తేల్చారు. అలలు పగడపు ఇసుకను తెచ్చి పోస్తాయి మరి. అయితే నేల పెరిగినంత మాత్రాన నీటి పొర బాగుపడదు.

2021లో విదేశాంగ మంత్రి సైమన్ కోఫే మోకాళ్ల లోతు నీటిలో నిలబడి ప్రసంగించి ప్రపంచం దృష్టిని ఆకర్షించారు. నేల పోయినా దేశం కొనసాగుతుందని 2023లో రాజ్యాంగంలో రాసుకున్నారు. అదే ఏడాది ఆస్ట్రేలియాతో ఫలేపిలి ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఏటా 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియాలో స్థిరపడవచ్చు. బదులుగా, రక్షణ విషయాల్లో మరో దేశంతో ఒప్పందం చేసుకోవాలంటే తువాలు ఆస్ట్రేలియా సమ్మతి పొందాలి.