వాతావరణమా, వ్యవస్థా? శీతాకాల ఒలింపిక్స్‌లో భారత జట్టు (1964–2022): రాయలసీమ అనుభవం వెలుగులో

2014 ఫిబ్రవరి 7న రష్యాలోని సోచి నగరంలో శీతాకాల ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యాయి. ఆ ఊరేగింపులో భారతీయ క్రీడాకారులు మువ్వన్నెల జెండాతో కాక, ఒలింపిక్ పతాకం కింద నడిచారు. సంఘ ఎన్నికల వివాదం కారణంగా అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2012 డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘాన్ని సస్పెండ్ చేసింది. అభియోగపత్రం దాఖలైనవారు పదవులకు పోటీ చేయరాదన్న షరతుకు లోబడి ఎన్నికలు జరగవలసి ఉండగా, అవి క్రీడలు మొదలైన రెండు రోజులకు, ఫిబ్రవరి 9న జరిగాయి. 11న సస్పెన్షన్ తొలగింది. అప్పటికే శివ కేశవన్ పోటీ ముగిసిపోయింది. నదీమ్ ఇక్బాల్, హిమాంశు ఠాకూర్ మాత్రమే దేశం పేరుతో పోటీపడగలిగారు. ముగింపు ఉత్సవంలో ఠాకూర్ జాతీయ జెండా పట్టుకున్నారు. ఒకే క్రీడోత్సవంలో ఒకే దేశపు ముగ్గురిలో ఒకరు జెండా లేకుండా, ఇద్దరు జెండాతో ఆడిన సందర్భమిది.

శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ 2022 వరకు ఒక్క పతకమూ సాధించలేదు. దీనికి సాధారణంగా చెప్పే కారణం ఒకటే: మనది ఉష్ణదేశం. వినడానికి సహజంగా తోచే ఈ వివరణ చరిత్ర పరిశీలనకు ఎంతవరకు నిలుస్తుందన్నది ప్రశ్న. ఈ ప్రశ్నకు కర్నూలు, కడప జిల్లాల అనుభవం పనికివస్తుంది. ఆ జిల్లాల వెనుకబాటుకు కూడా శతాబ్దానికి పైగా వాతావరణాన్నే కారణంగా చెబుతూ వచ్చారు. వాన కురవదు కనుక కరువు. మంచు కురవదు కనుక పతకం లేదు. రెండు వాక్యాల తర్కం ఒక్కటే.

జట్టు అన్న మాట

1924లో ఫ్రాన్స్‌లోని షామోనీలో మొదలైన ఈ క్రీడల్లో భారత్ తొలిసారి పాల్గొన్నది 1964లో, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో. వచ్చినది ఒక్కరే. ఆయన పోలండ్ దేశస్థుల కుటుంబంలో పుట్టి భారతీయుడైన జెరెమీ బుయకోవ్‌స్కీ. 1968లో గ్రెనోబుల్‌లోనూ ఆయనొక్కరే. తరువాత నాలుగు క్రీడోత్సవాలకు భారత్ నుండి ఎవరూ వెళ్ళలేదు. 1988లో కాల్గరీకి ముగ్గురు వెళ్ళారు. వారిలో శైలజా కుమార్ శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ మహిళ. 1992లో ఇద్దరు, 1994లో ఎవరూ లేరు. 2006లో టూరిన్‌కు వెళ్ళిన నలుగురే అన్నింటిలోకీ పెద్ద బృందం. 2022 వరకు భారత్ పాల్గొన్న పదకొండు క్రీడోత్సవాల్లో ఐదింట ప్రతినిధి ఒక్కరే. ఒక్కరిని జట్టు అనవచ్చునా అన్నది వ్యాకరణ ప్రశ్న కాదు. వెనుక శిక్షకుడు, వైద్యుడు, ప్రత్యామ్నాయ క్రీడాకారుడు, తరువాతి తరం ఉన్నప్పుడే ఒక్కరైనా జట్టు అవుతారు.

ఈ లోటు శివ కేశవన్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. మలయాళీ తండ్రికి, ఇటలీ తల్లికి పుట్టి మనాలి దగ్గర పెరిగిన కేశవన్ 1998లో నాగానోలో పోటీ చేసేనాటికి వయస్సు 16 ఏళ్ళు. ఆయన క్రీడ లూజ్. మంచుగడ్డ పరచిన వంపుల బాటలో చిన్న బల్లపై వెల్లకిలా పడుకొని, గంటకు నూరు కిలోమీటర్లు దాటిన వేగంతో జారే పోటీ అది. అటువంటి బాట భారతదేశంలో ఒక్కటీ లేదు. కేశవన్ బల్లకు చక్రాలు తగిలించి, హిమాలయ ఘాట్ రోడ్ల మీద వాహనాల మధ్య సాధన చేశారు. పరికరాల కోసం ప్రజల వద్ద చందాలు సేకరించారు. 1998 నుండి 2018 వరకు వరుసగా ఆరు ఒలింపిక్స్ ఆడారు. వాటిలో ఉత్తమ స్థానం 2006లో దక్కిన 25వది. ఆసియా లూజ్ పోటీల్లో ఆయన స్వర్ణాలు గెలిచారు. పత్రికలు ఈ కథను వ్యక్తి పట్టుదలకు నిదర్శనంగా రాశాయి. అది నిజమే. కాని ఇరవై ఏళ్ళు ఒకే మనిషి ఒక క్రీడకు దేశమంతటి ప్రతినిధిగా ఉండడం ఆయన ఘనత ఎంతో, వ్యవస్థ వైఫల్యమూ అంతే.

కేశవన్ బాట లేక కష్టపడ్డారంటే అర్థం చేసుకోవచ్చు. స్కీయింగ్ సంగతి వేరు. గుల్‌మార్గ్, ఔలి, సోలంగ్ లోయల్లో మంచుకు కొదవ లేదు. 2022లో బీజింగ్‌కు వెళ్ళిన ఏకైక భారతీయుడు ఆరిఫ్ ఖాన్ గుల్‌మార్గ్ పరిసరాలవారే. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంతో పోటీ పూర్తిచేశారు. నదీమ్ ఇక్బాల్, జగదీశ్ సింగ్ వంటివారు సైన్యం ద్వారా ఈ క్రీడలకు వచ్చారు. సరిహద్దు రక్షణ కోసం సైన్యం నడిపే శిక్షణే ఇక్కడ క్రీడా వ్యవస్థ లేని లోటును కొంత తీర్చింది. మంచు ఉన్నచోట కూడా ఫలితం పరిమితమే అయినప్పుడు మంచు లేకపోవడాన్ని కారణంగా చూపలేము.

ఇతర దేశాల ఉదాహరణలు దీనిని బలపరుస్తాయి. కొండలే లేని నెదర్లాండ్స్ సోచిలో 24 పతకాలు గెలిచింది. వాటిలో 23 ఒక్క స్పీడ్ స్కేటింగ్‌లోనివే. హేరెన్‌వేన్ పట్టణంలోని కృత్రిమ మంచు మైదానం వంటి ఏర్పాట్లు, క్లబ్బుల అల్లిక దాని వెనుక ఉన్నాయి. మంచు ఎరుగని జమైకా 1988లో బాబ్‌స్లెడ్ పోటీలో అడుగుపెట్టి, 1994లో నలుగురి విభాగంలో 14వ స్థానం పొంది అమెరికా బృందాల కంటే ముందు నిలిచింది.

కర్నూలు, కడప

తెలుగులో పొగమంచుకూ, ఆకుల మీది తేమకూ, హిమాలయాల తెల్లని మంచుకూ ఒకే మాట. కర్నూలు నల్లరేగడి నేలల్లో ‘మంచు’ అంటే రైతుకు గుర్తుకు వచ్చేది రబీ శనగ. వానలు వెళ్ళాక నేలలో మిగిలిన పదునుతో, తెల్లవారుజాము మంచుతో ఎదిగే పైరు అది. ఎండలు నలభై డిగ్రీలు దాటే ఈ సీమలో శీతాకాల క్రీడల చర్చ విడ్డూరంగా తోచవచ్చు. కాని వాతావరణమే విధి అన్న వాదనను ఇక్కడివారు ఎరిగినంతగా మరెవరూ ఎరుగరు.

1876–78 నాటి మహాకరువులో బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలు దారుణంగా నష్టపోయాయి. వానలు పడని మాట వాస్తవం. అయితే సహాయ పనుల్లో కూలికి ఇచ్చే వేతనాన్ని తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ చేసిన నిర్ణయం మేఘాలు చేసినది కాదు. అంతకు ముందే సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు–కడప కాలువను తవ్వింది. కాలువ వచ్చినా కంపెనీ ఆశించిన మేరకు సాగు పెరగలేదు. 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. నీటి వాటా సమస్య అక్కడితో తీరలేదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం కోరవలసి వచ్చింది. రాయలసీమ చరిత్ర రచనలో కరువును కేవలం ప్రకృతి ఘటనగా కాక పాలన ఘటనగా చూసే ధోరణి బలపడడానికి ఇటువంటి ఆధారాలే కారణం.

క్రీడల్లోనూ ఇదే కొలమానం వర్తిస్తుంది. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో గెలిచి భారత మహిళల క్రికెట్ జట్టు తొలిసారి ప్రపంచకప్పు అందుకుంది. ఆ జట్టులోని ఎడమచేతి స్పిన్నర్ నల్లపురెడ్డి శ్రీచరణి కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె వాసి. టోర్నమెంటులో 14 వికెట్లు తీసి, భారత బౌలర్లలో దీప్తి శర్మ తరువాతి స్థానంలో నిలిచారు. అదే ఏడాది ఏప్రిల్‌లో తొలి అంతర్జాతీయ వన్డే ఆడిన ఆమె నవంబరుకు ప్రపంచ విజేత. పల్లె నుండి రాష్ట్ర జట్టుకు, అక్కడి నుండి మహిళా ప్రీమియర్ లీగ్‌కు, ఆ తరువాత జాతీయ జట్టుకు ఒక మెట్ల దారి ఉండబట్టే ఇది సాధ్యమైంది. దీనిని చూసి సీమలో క్రీడలు వర్ధిల్లుతున్నాయనుకోవడం తొందరపాటు. క్రికెట్‌కు ఉన్న ధనబలం మరే క్రీడకూ లేదు. రుజువయ్యేది ఒక్కటే: దారి ఉంటే మెట్టప్రాంతపు పల్లె కూడా దూరం కాదు. లూజ్‌కు ఆ దారి మనాలిలోనే లేకపోయింది.

డెహ్రాడూన్ మంచు మైదానం

2011 జనవరిలో డెహ్రాడూన్, ఔలి నగరాల్లో తొలి దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగాయి. వాటి కోసం డెహ్రాడూన్‌లో అంతర్జాతీయ ప్రమాణాలతో కప్పు కింద కృత్రిమ మంచు మైదానం కట్టారు. క్రీడలు ముగిశాక నిర్వహణ భారం మోసేవారు లేక అది పదేళ్ళకు పైగా మూతపడింది. ఆ పదేళ్ళలోనే సోచి, ప్యాంగ్‌చాంగ్, బీజింగ్ క్రీడలు జరిగిపోయాయి. తవ్వినా ఆశించిన సాగు ఇవ్వని కాలువకూ, కట్టి మూసిన మంచు మైదానానికీ మధ్య పోలిక వెతకనవసరం లేదు. నిర్మాణానికి ఒక ఉత్సవం చాలు; నిర్వహణకు బడ్జెట్‌లో ఏటా ఒక పద్దు కావాలి.

మైదానం 2025లో తిరిగి తెరుచుకుంది. ఆ ఏడాది ఆగస్టులో అక్కడ ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ స్కేటింగ్ పోటీ జరిగింది. అదే సంవత్సరం జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ స్కేటింగ్ స్వర్ణం గెలిచినవారిలో తెలంగాణకు చెందిన తాళ్ళూరి నయనశ్రీ ఉన్నారు. చక్రాల స్కేటింగ్‌కు సిమెంటు నేల చాలు. అది కర్నూలులోనూ పరచవచ్చు, కడపలోనూ పరచవచ్చు. అక్కడ నేర్చిన పిల్లలు ఏడాదిలో ఎన్ని వారాలు మంచు మీద కాలు మోపగలరన్నది డెహ్రాడూన్ మైదానం ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.