జిగురు, వాతావరణం, పనితనం: కొయ్య విమానాల చరిత్రలో 1944 నాటి వివాదం

వరంగల్‌లో కాశిబుగ్గకు దక్షిణాన ఉన్న మామునూరు విమానాశ్రయం నిజాం పాలనాకాలపు నిర్మాణం. ఆనాటి విమానాలలో కొయ్యకు ప్రముఖ స్థానం ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదులోని బేగంపేటలో ప్రాథమిక శిక్షణకు వాడిన టైగర్ మాత్ రెక్కల చట్రం కొయ్యదే. దానిపై గుడ్డను బిగించేవారు. ఇటువంటి విమానాలలో కొయ్య ఎంత ముఖ్యమో, దానిని అతికించిన జిగురూ అంతే ముఖ్యం.

తొలినాళ్లలో పాలలోని కాసీన్ అనే మాంసకృత్తును సున్నం వంటి క్షారాలతో కలిపి జిగురు తయారుచేసేవారు. అది గట్టిగా పట్టేది గాని, తేమకు మెత్తబడి బూజుకు ఆహారమయ్యేది. 1930లలో ఇంగ్లండులో నార్మన్ డిబ్రూయిన్ సంస్థ రూపొందించిన ఏరోలైట్ అనే యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురు ఆ లోపాన్ని చాలావరకు తీర్చింది. 1940 నవంబరు 25న తొలిసారి ఎగిరిన మస్కిటో విమానాల నిర్మాణంలో మొదట కాసీన్‌ను, తరువాత ఫార్మాల్డిహైడ్ జిగురును వాడారు.

1944లో కోలారులోని 82వ స్క్వాడ్రన్ మస్కిటోలకు మారింది. అదే ఏడాది చివర భారతదేశంలో కొన్ని మస్కిటోలు గాలిలోనే విరిగి వైమానికులు మరణించారు. రెక్క పైపొర ప్రధాన దూలం నుండి ఊడిపోవడం పరిశీలనలో బయటపడింది. విమానాలను తాత్కాలికంగా నిలిపివేశారు. నింద తొలుత ఇక్కడి ఎండ, వానలపై పడింది. వర్షాకాలపు తేమలో చట్రం కుంచించుకుపోయిందని ఒక విచారణ పేర్కొంది.

అయితే తరువాతి విచారణ నిర్మాణలోపాన్నే కారణంగా తేల్చింది. ఇంగ్లండులోని డిఫర్డ్‌లో జరిగిన పరిశీలన దీనిని బలపరచింది. ఋతుపవనాల తేమ సోకని ఆరు రకాల మస్కిటోలలోనూ అటువంటి లోపాలే కనిపించాయి. పరిష్కారంగా ప్రధాన దూలం వెంట పైపొర అతుకును మూసేలా ప్లైవుడ్ పట్టీని అమర్చారు.

ఈ వివాదం నుండి గ్రహించవలసినది ఒకటుంది. దూరదేశపు వాతావరణాన్ని నిందించడం సులభం. తయారీశాలలోని పనితనాన్ని ప్రశ్నించడం కష్టం. అతుకు లోపల ఏమున్నదో పైకి కనబడదు. కనుకనే పాత కొయ్య విమానాలను పునరుద్ధరించేటప్పుడు రిసార్సినాల్, ఎపాక్సీ వంటి ఆధునిక జిగురులున్నా, ఉపరితలపు శుభ్రత, కొయ్యలోని తేమ, అతుకుల అమరిక, ఒత్తిడి సరిగా లేకపోతే అవి అక్కరకు రావు. మంచి జిగురు కూడా అశ్రద్ధను అతికించలేదు.