లక్క ఎరుగని గంధపు పెట్టె

కోలారు జిల్లా మెట్ట నేలల్లో గంధం చెట్టు పెరుగుతుంది. అయినా గంధపు పెట్టెలు అనగానే వినిపించేది శివమొగ్గ వైపు సొరబ, సాగర ఊళ్ల గుడిగార్ల పేరే. కోలారులో ఆ పని ఎందుకు పుట్టలేదు? పనితనం లేక అనుకోవడం తేలిక. చెట్టు రైతుది కాకపోవడమే అసలు కారణమని నేనంటాను. 1792లో టిప్పు సుల్తాను గంధాన్ని రాజ్యం సొత్తు చేశాడు. 1799లో అతడు పోయాక వచ్చిన ఒడెయర్లూ ఆ పట్టు సడలించలేదు. గట్టు మీద మొలిచిన చెట్టును రైతు కాపలా కాయాలే గాని, గొడ్డలి పెట్టకూడదని నాటి కట్టడి. అదే చట్టం శివమొగ్గలోనూ ఉండేదిగా అని అడగవచ్చు. నిజమే. కానీ గుడిగార్లు తరతరాల శిల్పులు. సర్కారు డిపోలో చెక్క కొని చెక్కే అలవాటు వాళ్లకు కుదిరింది. గుత్తాధిపత్యం పాత వృత్తిని చంపకపోవచ్చు, కొత్తదాన్ని మాత్రం మొలవనివ్వదు. పైగా 1880లో జాన్ టేలర్ కంపెనీ రాకతో ఇక్కడ కోలారులో బంగారు గనుల కూలి పెరిగి, పని వెతికే చేతులు అటు మళ్లాయి.

అలా సర్కారు దగ్గర కొన్న ఖరీదైన చెక్కతో చేసిన పెట్టెకు పైపూత ఎలా వేయాలి? బొమ్మల ఊరు ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క పట్టిస్తారు; ఆ కర్రకు దాచుకోవలసిన వాసన లేదు. గంధానికి విలువంతా చేవలోని నూనెది. అందులోని శాంటలాల్ చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది కనుకే పరిమళం ఏళ్ల తరబడి నిలుస్తుంది. లోపలి గోడలకు లక్కో వార్నిషో పూస్తే ఆ ఆవిరికి దారి మూసినట్టే. నునుపు పూతతో కాదు, పదునైన ఉలితో, గరుకు కాగితంతో రావాలి. పూత లేకపోతే మాసిపోదా, పురుగు పట్టదా అంటారు. పురుగు ఎక్కువగా తినేది వాసన లేని తెల్లచెక్కను. దాన్ని మొదటే తీసేస్తే సగం బాధ తీరుతుంది. చేతులు తగిలే బయటి వైపు పల్చగా తేనెమైనం రుద్దితే చాలు. లోపల వాసన తగ్గితే గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి, మళ్లీ లేస్తుంది.

వడ్రంగికి అసలు పోటీ వార్నిష్ కాదు, నూనె బట్టీ. 1914 యుద్ధంతో మైసూరు గంధానికి జర్మనీ బేరం ఆగిపోయింది. 1916లో విశ్వేశ్వరయ్య దివాన్‌గిరీలో, ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ చొరవతో బెంగళూరులోనే నూనె తీయడం ఆరంభించారు. సబ్బు ఆ వెనకే వచ్చింది. రాజ్యానికి అది లాభమే, కాదనను. కానీ చెక్కకు విలువ కట్టే తూకం నూనెదే అయిపోయింది. కోలారు బంగారం కూడా ముడిసరుకుగానే ఊరు దాటింది. ఆభరణం చేసిన చేతులు వేరే చోటివి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. చిత్రంగా ఆ ఏడే కర్ణాటక చట్టం సవరించి, సొంత నేలలోని గంధం చెట్టు మీద రైతుకు హక్కు ఇచ్చింది. ఇప్పుడు కోలారు వైపు గంధం తోటలు వేస్తున్నారు. చేవ ముదరడానికి పదిహేనేళ్లకు తక్కువ పట్టదు. ఈలోగా ఇక్కడి పిల్లలకు ఉలి పట్టడం నేర్పే బడి ఒకటి తెరిస్తే, ఆ చెక్కంతా మళ్లీ బట్టీకే పోదు.