బొగ్గుబాయిలో బ్యాలెట్ పెట్టె

సింగరేణి కాలరీస్‌లో ఏ కార్మిక సంఘం ముందు, ఏది వెనుక అన్నది కార్మికులే రహస్య ఓటుతో తేలుస్తారు. కంపెనీ మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది ‘గుర్తింపు సంఘం’. ఒక్కో ఏరియాలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది ఆ ఏరియాకు ‘ప్రాతినిధ్య సంఘం’. 1998 నుంచి 2023 వరకు ఈ ఎన్నికలు ఏడుసార్లు జరిగాయి. గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం లాంటి ఊళ్లలో వీటికి అసెంబ్లీ ఎన్నికలంత సందడి ఉంటుంది. కార్మికుడి క్వార్టర్ నుంచి కొడుకు ఉద్యోగం దాకా ఎన్నో సంగతులు ఈ ఓటుతో ముడిపడి ఉండటమే అందుకు కారణం.

సంఘాలు పుట్టిన నేల

ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. అక్కడి సింగరేణి గ్రామం పేరుతోనే 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ రోజును ఇప్పటికీ సింగరేణి దినోత్సవంగా జరుపుకుంటారు. నిజాం పాలనలో కార్మికులు సంఘం పెట్టుకోవడమే పెద్ద సాహసం. 1940లలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటి కమ్యూనిస్టు నాయకులు హైదరాబాద్ సంస్థానంలో కార్మికోద్యమానికి పునాది వేశారు. కొత్తగూడెం గనుల్లో దేవూరి శేషగిరి కార్మికులను కూడగట్టారు. ఆ ఒరవడిలో ఎదిగిన సింగరేణి కాలరీస్ వర్కర్స్ యూనియన్ ఏఐటీయూసీకి అనుబంధ సంఘం. స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీ దానికి పోటీగా నిలిచింది.

1960ల మొదట్లో గనులు రామగుండం వైపు విస్తరించాయి. గోదావరి ఒడ్డున కొత్త ఇంక్లైన్లు, అంటే ఏటవాలు దారి ఉన్న గనులు, తెరుచుకున్నాయి. వాటి చుట్టూ లేచిన బస్తీలే గోదావరిఖని పట్టణమయ్యాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన యువకులు తట్ట, చెమ్మస్ (పార)తో బొగ్గు నింపే ఫిల్లర్లుగా చేరారు. ఊరు పెరిగినకొద్దీ సంఘాలూ పెరిగాయి. 1981లో నక్సలైట్ ఉద్యమ ప్రభావంతో సింగరేణి కార్మిక సమాఖ్య వచ్చింది. అందరూ ‘సికాస’ అని పిలుచుకున్న సంఘం అదే. నోటీసు లేకుండా సమ్మె చేస్తే ఒక్క రోజుకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద అది పోరాడింది. 1992లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

గుర్తింపు ఎవరికి?

ఒకే పరిశ్రమలో ఎన్నో సంఘాలు ఉంటే యాజమాన్యం ఎవరితో మాట్లాడాలి? ఈ ప్రశ్నకు 1958లో వచ్చిన పరిశ్రమల క్రమశిక్షణ నియమావళి ఒక జవాబు చెప్పింది. సభ్యత్వం ఎక్కువ ఉన్న సంఘానికి గుర్తింపు ఇవ్వాలి. గుర్తింపు వచ్చాక కనీసం రెండేళ్లు దాన్ని మార్చకూడదు. ఇది చట్టం కాదు. యాజమాన్యాలు, సంఘాలు, ప్రభుత్వం కలిసి ఒప్పుకున్న కట్టుబాటు.

సభ్యత్వాన్ని ఎలా లెక్కగట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. రశీదు పుస్తకాలు, సభ్యత్వ రిజిస్టర్లు పరిశీలిస్తే చాలని ఐఎన్‌టీయూసీ వాదన. కార్మికుడి చేత రహస్యంగా ఓటు వేయిస్తేనే నిజం తెలుస్తుందని ఏఐటీయూసీ వాదన. దేశమంతా దశాబ్దాల పాటు ఈ చర్చ నడిచింది. ఒకే కార్మికుడు మొహమాటానికో భయానికో రెండు మూడు సంఘాలకు చందా కట్టడం గనుల్లో మామూలే. అప్పుడు రిజిస్టర్లన్నీ కూడితే ఉన్న కార్మికుల కన్నా సభ్యులే ఎక్కువ తేలతారు. అతని మనసు ఏ సంఘం వైపు ఉందో రశీదు చెప్పదు.

సింగరేణిలో ఈ చిక్కు మరీ ముదిరింది. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు, డజన్ల కొద్దీ సంఘాలు ఉండేవి. ఒక సంఘంతో ఒప్పందం కుదిరితే ఇంకో సంఘం దాన్ని కాదనేది. చిన్న గొడవకు ఒక గనిలో పని ఆగితే పక్క గనికీ పాకేది. నష్టాలు పేరుకుపోయి కంపెనీ ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసే బీఐఎఫ్ఆర్ ముందుకు వెళ్లాల్సి వచ్చింది. కార్మికుల మాట ఇదీ అని నిక్కచ్చిగా చెప్పగల సంఘం ఏదో తేల్చడం యాజమాన్యానికీ కార్మికులకూ అవసరమైంది. అలా 1998 సెప్టెంబర్ 9న తొలి గుర్తింపు ఎన్నికలు జరిగాయి. ఏఐటీయూసీ గెలిచింది.

ఓటు పడే తీరు

కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అయినా గనుల కార్మిక వ్యవహారాలు కేంద్రం పరిధిలోవి కాబట్టి ఎన్నికలను కేంద్ర కార్మిక శాఖ అధికారులే నిర్వహిస్తారు. సంఘాలతో సమావేశం జరిపి ఓటర్ల జాబితా, గుర్తులు, తేదీ ఖరారు చేస్తారు. ఏఐటీయూసీది నక్షత్రం గుర్తు, ఐఎన్‌టీయూసీది గడియారం. ఓటు కంపెనీ పర్మినెంట్ కార్మికులకే ఉంటుంది.

ప్రచారానికి ఆయువుపట్టు గేట్ మీటింగ్. షిఫ్ట్ మొదలయ్యే ముందు గని ఆవరణలో సంఘ నాయకులు మైకు పట్టుకుంటారు. మస్టర్ (హాజరు) వేయించుకోవడానికి వచ్చిన కార్మికులు టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి వింటారు. ఏ హామీ నిలబడింది, ఏది గాలికి పోయింది అని నాయకుణ్ని అక్కడికక్కడే అడుగుతారు. ప్రతి గనిలో సంఘానికి ఒక పిట్ సెక్రటరీ ఉంటాడు. సెలవు మంజూరు, మస్టర్ తేడా, పని స్థలం మార్పు లాంటి రోజువారీ సమస్యలకు కార్మికుడు ముందు వెళ్లేది అతని దగ్గరికే. పెద్ద నాయకుల ఉపన్యాసాలతో పాటు ఈ పిట్ సెక్రటరీ పనితనం కూడా ఓట్లు తెస్తుంది, పోగొడుతుంది.

2023 డిసెంబర్ 27న జరిగిన ఏడో ఎన్నికలో 11 ఏరియాల్లో 84 పోలింగ్ కేంద్రాలు పెట్టారు. పదమూడు సంఘాలు బరిలో నిలిచాయి. ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు పోలింగ్ సాగింది. షిఫ్ట్ దిగినవాళ్లు దిగినట్టే, ఎక్కబోయేవాళ్లు ఎక్కేముందే వచ్చి ఓటు వేశారు. ఓటర్లు 39,773 మంది. వారిలో 37,468 మంది, అంటే నూటికి 94 మంది ఓటేశారు. సాధారణ ఎన్నికల్లో అరుదుగా కనిపించే ఈ శాతం సింగరేణిలో మామూలు. 2017లోనూ పోలింగ్ 95 శాతం దగ్గరికి వెళ్లింది.

ఒక ఓటు, రెండు వరుసలు

ఓటుతో వరుస కట్టే పద్ధతులు లోకంలో చాలా ఉన్నాయి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ 1936 నుంచి నడుపుతున్న పోల్ వాటిలో పేరున్నది. అక్కడ ఓటర్లు ఆట చూసే పాత్రికేయులు, వ్యాఖ్యాతలు. ఒక్కొక్కరు 25 జట్లను వరుసగా రాసి పంపుతారు. మొదటి జట్టుకు 25 పాయింట్లు, చివరిదానికి ఒకటి. అన్నీ కూడితే దేశవ్యాప్త వరుస వస్తుంది. ఎక్కువ మంది రెండో స్థానంలో రాసిన జట్టుకూ ఆ పద్ధతిలో మంచి విలువ దక్కుతుంది.

సింగరేణి ఓటరు రాసేది జాబితా కాదు, ఒకే ఒక్క ఎంపిక. రెండో ఇష్టం ఏదో అడిగేవాళ్లు లేరు. కానీ అదే ఓటును రెండుసార్లు లెక్కిస్తారు. ఏరియా లెక్కలో ఒకసారి, కంపెనీ మొత్తం లెక్కలో ఇంకోసారి. మొత్తం మీద వెనుకబడిన సంఘానికి ఏరియాలో చోటు దక్కేది ఈ ఏరియా లెక్క వల్లనే.

2023 ఫలితం దీనికి చక్కని ఉదాహరణ. ఏఐటీయూసీకి 16,177 ఓట్లు, ఐఎన్‌టీయూసీకి 14,178 ఓట్లు వచ్చాయి. తేడా 1,999. ఏరియాల లెక్క చూస్తే బొమ్మ తిరగబడుతుంది. ఐఎన్‌టీయూసీ కార్పొరేట్, కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం–3 అనే ఆరింటిలో గెలిచింది. ఏఐటీయూసీకి దక్కినవి శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, రామగుండం–1, రామగుండం–2 అనే అయిదే. కానీ ఓటర్ల సంఖ్యలో అన్నిటికన్నా పెద్దదైన శ్రీరాంపూర్ ఆ అయిదింటిలో ఉంది. అందువల్ల ఎక్కువ ఏరియాలు ఒకరికి, కంపెనీ గుర్తింపు మరొకరికి వచ్చాయి.

ఒక్క రామగుండం ప్రాంతంలోనే ఈ తేడా కళ్లకు కడుతుంది. గోదావరిఖని కేంద్రంగా ఉన్న రామగుండం–1లో, యైటింక్లయిన్ కాలనీ వైపున్న రామగుండం–2లో ఏరియా సమస్యకైనా కంపెనీ సమస్యకైనా మాట్లాడేది ఏఐటీయూసీయే. అక్కడికి దగ్గర్లోనే ఉన్న సెంటినరీ కాలనీలో, అంటే రామగుండం–3లో, క్వార్టర్ కేటాయింపు, మంచినీళ్లు, క్యాంటీన్ లాంటివి జనరల్ మేనేజర్ దగ్గర ఐఎన్‌టీయూసీ మాట్లాడాలి. కంపెనీ స్థాయి విధానం మీద డైరెక్టర్లతో ఏఐటీయూసీ మాట్లాడాలి.

ఏడు ఎన్నికల పాఠం

1998 తర్వాత 2001లో మళ్లీ ఏఐటీయూసీ గెలిచింది. 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో తిరిగి ఏఐటీయూసీ గెలిచాయి. 2011లో సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా గనులు బంద్ పెట్టారు. ఆ వేడిలో 2012 జూన్ 28న టీఆర్ఎస్ అనుబంధ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం, టీబీజీకేఎస్, తొలిసారి మొదటి స్థానానికి వచ్చింది. 2017 అక్టోబర్ 5న 23,848 ఓట్లతో, 11 ఏరియాల్లో 9 గెలిచి, దాన్ని నిలబెట్టుకుంది. ఏఐటీయూసీ 19,631 ఓట్లతో రెండో స్థానంలో ఆగింది. 2023లో టీబీజీకేఎస్ రెండు వేల ఓట్లు కూడా దాటలేదు.

ఈ వరుసను రాష్ట్ర రాజకీయాల పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. 1998, 2001, 2003లలో అధికారం తెలుగుదేశానిది. ఆ పార్టీ అనుబంధ సంఘం ఒక్కసారీ గెలవలేదు. 2007, 2012లలో అధికారం కాంగ్రెస్‌ది. ఐఎన్‌టీయూసీ రెండుసార్లూ ఓడింది. 2023లో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చి మూడు వారాలైనా కాకముందే ఐఎన్‌టీయూసీ రెండో స్థానంలోనే ఆగింది. అధికార పార్టీ సంఘం నెగ్గింది టీఆర్ఎస్ ప్రభుత్వం ఉన్న 2017లో ఒక్కసారే. ప్రభుత్వం చేతిలో ఉంటే సింగరేణి ఓటు చేతిలో ఉన్నట్టేనన్న లెక్క ఏడింటిలో ఆరుసార్లు తప్పింది. రహస్య బ్యాలెట్ కార్మికుడికి ఇచ్చిన అసలు బలం ఇదే.

2017 ఎన్నికలను నడిపిన అంశం వారసత్వ ఉద్యోగాలు. అనారోగ్యంతో దిగిపోయే కార్మికుడి స్థానంలో కొడుకుకో అల్లుడికో ఉద్యోగం రావాలన్నది కోల్‌బెల్ట్‌లో ఇంటింటి కోరిక. ఆ ఏడాది మార్చిలో హైకోర్టు వారసత్వ పథకాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. కారుణ్య నియామకాల రూపంలో ఆ అవకాశాన్ని ఎవరు తేగలరన్నదే అప్పటి ప్రశ్న. ఓటరు సంఘం జెండా రంగు కన్నా ఆ జవాబునే ఎక్కువగా చూశాడు.

మొదటి స్థానం ఏమిస్తుంది, ఏమివ్వదు

గుర్తింపు సంఘం స్ట్రక్చర్డ్ సమావేశాల్లో యాజమాన్యంతో కూర్చుని బదిలీలు, ప్రమోషన్లు, వైద్యం, ఇళ్లు లాంటి విషయాల మీద ఒప్పందాలు చేస్తుంది. ఏటా లాభాల్లో కార్మికుల వాటా ఎంత ఉండాలన్న ఒత్తిడి కూడా అది తేవాల్సిందే. మూల వేతనాలు మాత్రం దాని చేతిలో లేవు. వాటిని దేశంలోని బొగ్గు సంస్థలన్నిటికీ కలిపి జేబీసీసీఐ అనే ఉమ్మడి వేదికలో జాతీయ సంఘాలు, యాజమాన్యాలు తేలుస్తాయి. 2023 మేలో కుదిరిన పదకొండో వేతన ఒప్పందం అలా వచ్చిందే.

ఈ ఏర్పాటులో రెండు పెద్ద లోటులున్నాయి. ఒకటి ఆలస్యం. తొలి ఎన్నికలు రెండు మూడేళ్లకోసారి జరిగాయి. 2012కూ 2017కూ మధ్య అయిదేళ్లు, 2017కూ 2023కూ మధ్య ఆరేళ్లు గడిచాయి. కాలపరిమితి రెండేళ్లా నాలుగేళ్లా అన్న వివాదం, కోర్టు కేసులు, అసెంబ్లీ ఎన్నికలు అడ్డుపడ్డాయి. 2023 అక్టోబర్‌లో జరగాల్సిన పోలింగ్‌ను హైకోర్టు డిసెంబర్‌కు మార్చింది. ఈలోగా కంపెనీ రూపమే మారిపోతోంది. 2017లో 52 వేలకు పైగా ఉన్న ఓటర్లు ఆరేళ్లలో 40 వేల లోపుకు దిగారు. గడువు దాటిన గుర్తింపు అప్పటి కార్మికుల మాటే తప్ప ఇప్పటి కార్మికుల మాట కాదు. ఎన్నిక వేళకు జరగడం ఎన్నిక ఉండటమంత ముఖ్యం.

రెండో లోటు కాంట్రాక్ట్ కార్మికులకు ఓటు లేకపోవడం. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసేవాళ్లు, వాహనాలు నడిపేవాళ్లు, కాలనీలు ఊడ్చేవాళ్లు వేల మంది ఉన్నారు. పర్మినెంట్ ఉద్యోగాలు తగ్గేకొద్దీ బొగ్గు వెలికితీతలో వారి పాలు పెరుగుతోంది. సంఘాల వరుస తేల్చడంలో మాత్రం వారి మాట లెక్కలోకి రావడం లేదు.

కొత్త చట్టం, కొత్త లెక్క

2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. గుర్తింపును అది చట్టంలో రాసింది. మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘం ఒక్కటే సంప్రదింపులు జరుపుతుంది. అంత మద్దతు ఎవరికీ లేకపోతే, 20 శాతం దాటిన సంఘాలన్నీ కలిసి సంప్రదింపుల మండలిగా ఏర్పడతాయి.

ఈ గీటురాయి మీద 2023 ఓట్లను పెడితే ఏఐటీయూసీకి మొత్తం ఓటర్లలో దాదాపు 41 శాతం, ఐఎన్‌టీయూసీకి దాదాపు 36 శాతం వస్తుంది. 2017లో టీబీజీకేఎస్‌కు వచ్చిందీ 45 శాతమే. అంటే ఈ రెండు ఎన్నికల్లో ఎవరూ 51 శాతం గడప దాటలేదు. అవే ఓట్లతో కొత్త నియమం కింద మొదటి సంఘంతో పాటు రెండో సంఘమూ కంపెనీ స్థాయి బల్ల దగ్గర కూర్చునేది. మొదటి స్థానానికే అన్నీ దక్కే పాత లెక్క కన్నా ఇది ఎక్కువ మంది కార్మికుల మాటను బల్ల దాకా తెస్తుంది. అయితే మద్దతును లెక్కించేది రశీదు పుస్తకాలతో కాకుండా రహస్య ఓటుతోనే కావాలి. 1998 నుంచి సింగరేణి కార్మికులు ఏడుసార్లు చేసి చూపించింది అదే పద్ధతి.