వెతికిపెట్టేవారికి జీతం ఎవరిస్తున్నారు?



నెలనెలా చందా కట్టి వాడుకునే సెర్చ్ ఇంజన్ ఒకటి సంఘం తరఫున తీసుకుందామా అన్న మాట మన మధ్య నడుస్తోంది. ఊరికే దొరికేదానికి డబ్బెందుకని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

వెతకడం ఏనాడూ ఊరికే జరగలేదు. కుంపెనీ కొలువులో 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు రాతప్రతులు సేకరించడానికి, సరిచూడడానికి పండితులను పెట్టుకుని సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాల వెనుక అలాంటి శ్రమే ఉంది. తర్వాతి కాలంలో మన మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. వాల్తేరులో సైన్సు కళాశాల ఆయన పేరుతోనే నిలిచింది.

1948లో ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషితో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కట్టి, చదివేవాళ్లే తమ గ్రంథాలయాన్ని పోషించుకున్నారు. మన కోరాపుట్ 1936 ఏప్రిల్ 1నే ఒడిశాలో చేరింది కనుక ఆ చట్టం మన దాకా రాలేదు.

అంటే ఒకప్పుడు పండితుడు ఇచ్చాడు, ఒకప్పుడు రాజు, మరొకప్పుడు ప్రజ. ఇప్పుడు ఇస్తున్నది ప్రకటనదారు. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ వెతికేవారి కంటే ప్రకటనదారు వైపే మొగ్గుతుందని గూగుల్ స్థాపకులే 1998లో తమ పరిశోధనా పత్రంలో రాశారు. 2000లో వాళ్లూ ప్రకటనలు మొదలుపెట్టారు. దుకాణం మనిషిని దారి అడిగితే ముందు తన దుకాణమే చూపిస్తాడు కదా!

అలాగని చందా పెడితే అన్నీ సవ్యంగా సాగుతాయనీ కాదు. గూగుల్ ప్రకటనల విభాగాన్ని నడిపిన శ్రీధర్ రామస్వామి, ప్రకటనలు లేని నీవా అనే సెర్చ్ ఇంజన్‌ను స్థాపించారు. కొత్త సెర్చ్ ఇంజన్ వైపు జనాన్ని రప్పించడం కష్టమై 2023లో అది మూతపడింది. 2022లో జనంలోకి వచ్చిన కాగి మాత్రం చందాలతోనే నడుస్తోంది. అపరిమితంగా వెతకాలంటే నెలకు 10 డాలర్లు.

ఇంకో మాట. ఎంత చందా కట్టినా, ఇంటర్నెట్‌లో లేనిదాన్ని ఏ ఇంజనూ వెతికిపెట్టలేదు. జయపురం అని అడిగితే రాజస్థాన్ జైపూరు ఎదురొస్తుందంటే, మన ఊరి గురించి మనం అక్కడ పెట్టింది తక్కువని అర్థం. మన తాతల దస్తావేజులు, పెళ్లి శుభలేఖలు, నాటకాల కరపత్రాలు ట్రంకు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదివే మన పిల్లలకు ఆ తెలుగు అక్షరాలు చదివి చెప్పే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

కాబట్టి మన ప్రతిపాదన ఇది. సంఘం గదిలోని కంప్యూటరుకు ఒక్క చందా, ఒక్క ఏడాదికి తీసుకుందాం. పరీక్షలకు చదువుకునే పిల్లలు ముందు వాడాలి. దానికి ఎంత పెడితే అంతే సొమ్ము, పాత కాగితాలు స్కాన్ చేయించి అందరికీ అందేలా పెట్టడానికి విడిగా ఉంచుదాం. రెండిట్లో ఒకటికే డబ్బు సరిపోతే స్కానింగుకే ఇద్దాం. వెతికే సాధనం వచ్చే ఏడాదైనా కొనుక్కోవచ్చు, చెదలు తిన్న కాగితం మళ్లీ రాదు.

వచ్చే సమావేశానికి మీ ఇంట్లో ఉన్న ఒక్క పాత కాగితమైనా పట్టుకు రండి. అక్కడే తేల్చుకుందాం.